మీటర్‌లో లైట్లు ఆరడానికి పట్టిన 28 రోజులు

జనవరి 9 ఉదయం కీ తిప్పి, స్ప్రింగులా ఉండే పసుపు గుర్తు ఆరేదాకా ఎప్పట్లాగే ఆగాను. డీజిల్ బండి నడిపేవాళ్లకు ఇది అలవాటే. హీటర్ ప్లగ్గులు వేడెక్కగానే ఆ గుర్తు ఆరుతుంది, అప్పుడు సెల్ఫ్ కొడతాం. ఆ రోజు సెల్ఫ్ బరువుగా, ఇష్టం లేనట్టు తిరిగింది. ఇంజన్ ఎలాగో అందుకుంది గానీ, ఆరిన స్ప్రింగు గుర్తు మళ్లీ వెలిగి మిణుకుమిణుకుమనడం మొదలుపెట్టింది.

బండి 2009 మోడల్, నాలుగు సిలిండర్ల డీజిల్. నా చేతికి వచ్చి రెండేళ్లు. ఈ రెండేళ్లలో మీటర్‌లో ఒక్క లైటు కూడా వెలగలేదని అందరికీ గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఎందుకు వెలగలేదో చివర్లో తెలిసింది, అక్కడికి వస్తాను.

చలికి అలా అయిందేమోలే అని రెండు రోజులు వదిలేశాను. 11న ఏబీఎస్ లైటు వెలిగింది. బ్రేకు గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థది ఆ లైటు. దానికి తోడుగా వలయంలో ఆశ్చర్యార్థకం ఉండే ఎర్ర బ్రేకు గుర్తు కూడా. పసుపు అయితే సర్లే అనుకుంటాం, ఎరుపు చూస్తే గుండె ఆగినంత పనవుతుంది. పక్కకు ఆపి హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దిగిందో లేదో చూశాను. బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ చూశాను, నిండుగానే ఉంది. పెడల్ గట్టిగానే ఉంది. ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే రెండూ ఆరాయి. పది నిమిషాలకు మళ్లీ వెలిగాయి. ఇంటిదాకా నలభై దాటకుండా, ముందు బండికి చాలా దూరంలో నడుపుకుంటూ వచ్చాను.

బండి పుస్తకం సీటు కింద సంచీలో ఉంది. రెండేళ్లలో తెరవడం అదే మొదటిసారి. స్ప్రింగు గుర్తు నిలకడగా వెలిగితే ప్లగ్గులు వేడెక్కుతున్నట్టు; ఇంజన్ నడుస్తుండగా మిణుకుమంటే ఇంజన్ కంట్రోల్‌లో ఏదో లోపం ఉన్నట్టు అని రాసి ఉంది. ఏబీఎస్‌తో పాటు ఎర్ర గుర్తూ వెలిగితే వెనక చక్రాలకు బ్రేకు బలాన్ని సర్దే వ్యవస్థ పనిచేయడం లేదట. గట్టిగా తొక్కితే వెనక చక్రాలు బిగుసుకుపోవచ్చు, మెల్లగా షెడ్డుకు తీసుకెళ్లమంది. అది చదివాక అసలు టెన్షన్ మొదలైంది.

ఆ రాత్రే, బండి కంప్యూటర్ దాచుకున్న లోపాల కోడ్‌లు చదివే ఒక చిన్న ఓబీడీ అడాప్టర్ ఆర్డర్ పెట్టాను. ఈఎల్‌ఎం327 అంటారు. స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్‌లో గుచ్చి, బ్లూటూత్‌తో ఫోన్‌కు కలిపి, యాప్‌లో చూసుకోవడమే. చాలా చవక. 14న వచ్చింది. సాకెట్ ఎక్కడుందో వెతకడానికే అరగంట పట్టింది. పెడల్స్ దగ్గర తలకిందులుగా దూరి, టార్చి నోట్లో పెట్టుకుని చూస్తే ఫ్యూజుల మూత వెనక దొరికింది.

మూడు కోడ్‌లు వచ్చాయి. పి0380, అంటే హీటర్ ప్లగ్గుల సర్క్యూట్. పి0562, సిస్టమ్ వోల్టేజి తక్కువ. పి0401, ఈజీఆర్‌లో, అంటే పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజన్‌లోకి పంపే దారిలో, పొగ ప్రవాహం చాలడం లేదు. ఏబీఎస్ గురించి ఒక్క ముక్క లేదు. ఇలాంటి చవక అడాప్టర్లు చాలావరకు ఇంజన్ కంప్యూటర్‌తో మాత్రమే మాట్లాడతాయి. ఏబీఎస్‌ది, ఎయిర్‌బ్యాగ్‌ది వేరే కంప్యూటర్లు కాబట్టి వాటికి పెద్ద స్కానర్ కావాలి. ఇది కొన్నాక తెలిసింది.

ఆ యాప్‌లోనే పైన చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంది: ‘ఎంఐఎల్ ఆన్’. అంటే ఇంజన్ బొమ్మ లైటు వెలుగుతోందని. మీటర్ వైపు చూశాను. వెలగడం లేదు. చవక సరుకు, ఏదో వాగుతోంది అనుకుని ఫోన్ పక్కన పెట్టేశాను. ఇంజన్ లైటు లేదు కాబట్టి పి0401 కూడా ఎప్పటిదో పాత కోడ్ అయి ఉంటుందని దాన్నీ వదిలేశాను. నేను చేసిన మంచి పని ఒక్కటే. ఏదీ చెరిపేయకుండా మూడింటికీ స్క్రీన్ ఫోటోలు తీసి పెట్టుకున్నాను. పి0562 నొక్కితే ఆ లోపం పుట్టిన క్షణంలో బండి పరిస్థితి కూడా వచ్చింది: వేగం సున్నా, ఇంజన్ నిమిషానికి 780 తిరుగుళ్లు, నీళ్ల వేడి 31 డిగ్రీలు. అంటే పొద్దున్నే స్టార్ట్ చేసిన కాసేపటికే పుట్టిన జబ్బన్నమాట.

15న మొదటి షెడ్డు. నా ఫోటోలు చూపించబోతే మెకానిక్ నవ్వి, “మా స్కానర్ ఉంది సార్” అన్నాడు. ఇరవై నిమిషాలు చూసి ఒక కాగితం ప్రింటు ఇచ్చాడు. పి0380 కాబట్టి హీటర్ రిలే, అంటే ప్లగ్గులకు కరెంటు వదిలే స్విచ్చు లాంటిది, పోయింది. ఏబీఎస్‌లో ముందు ఎడమ చక్రం సెన్సార్ కోడ్ ఉంది కాబట్టి సెన్సార్ మార్చాలి. పి0562 సంగతి అడిగితే వోల్టులు కొలిచే మల్టీమీటర్ తెచ్చి, ఇంజన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించే డైనమో మీదే పెట్టి చూశాడు. 14.3 వోల్టులు. “డైనమో సూపర్‌గా ఉంది. బ్యాటరీ లైటు కూడా వెలగట్లేదుగా, అది పట్టించుకోకండి” అన్నాడు. అతన్ని తప్పు పట్టను. ఆ అంకె నిజమే. చూసిన చోటే తేడా.

రెండు సామాన్లూ స్టాకులో లేవు. నాలుగు రోజులు ఆగాలి. ఈ నాలుగు రోజుల్లో ఒక విచిత్రం గమనించాను. రాత్రి హెడ్‌లైట్లు వేసి, బ్లోయర్ పెంచి, వెనక అద్దం హీటర్ నొక్కితే నీళ్ల వేడి చూపించే ముల్లు మధ్య నుంచి కొంచెం పైకి లేస్తోంది. లైట్లు ఆపితే దిగిపోతోంది. రేడియేటర్ కూడా మొదలెట్టిందా దేవుడా అనుకున్నాను. కూలెంట్ చూస్తే తగ్గలేదు. అప్పటికే మూడు లైట్లతో తల తిరుగుతుంటే ఈ ముల్లు గోల ఎవరికి చెప్పను? చెప్పలేదు.

19న రిలే, సెన్సార్ వేశారు. కోడ్‌లు చెరిపేశారు. మీటర్ నల్లగా, శుభ్రంగా కనిపించింది. ఆ రోజు ఇంటికి వస్తుంటే పాట పెట్టుకోవాలనిపించింది కూడా. 21 సాయంత్రం గతుకుల రోడ్డు మీద ఒక్క కుదుపుకు మూడూ ఒకేసారి వెలిగాయి.

22న ఫోన్ చేస్తే మెకానిక్ గొంతు తగ్గించి, “ఇంజన్ ఈసీయూ పోయి ఉండొచ్చు సార్, అన్నీ ఒకేసారి వస్తున్నాయంటే అదే” అన్నాడు. ఈసీయూ అంటే ఇంజన్ కంప్యూటర్. దాని ధర ఆ బండిని ఇప్పుడు అమ్మితే వచ్చే దాంట్లో దాదాపు సగం. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా బావ అయితే, “పాత ఇనుముకు ఇచ్చేసెయ్, ఇంకా ఎంత పోస్తావు దాని మీద” అన్నాడు. బావ సలహా ఖరీదు లేనిది కాబట్టి విన్నాను, ఏమీ అనలేదు. కానీ నిజం చెప్పాలంటే, అమ్మకం ప్రకటన రాసి పెట్టుకున్నాను కూడా.

24 ఉదయం బండి అసలు స్టార్ట్ కాలేదు. సెల్ఫ్ అర చుట్టు తిరిగి ఆగిపోయింది, మీటర్ లైట్లన్నీ మసకబారాయి. పక్కింటాయన బండి తెచ్చి, దాని బ్యాటరీ నుంచి నా బండికి కరెంటు అందించే జంపర్ కేబుళ్లు ఇచ్చాడు. పుస్తకంలో నల్ల కేబుల్ రెండో కొసను మన బ్యాటరీకి కాకుండా ఇంజన్ మీద రంగు వేయని ఇనుప భాగానికి తగిలించమని ఉంది. బ్యాటరీ దగ్గర నిప్పురవ్వ పడకూడదని ఆ జాగ్రత్త. అలాగే చేసి కీ తిప్పితే సెల్ఫ్ ఎంత జోరుగా తిరిగిందంటే, ఈ బండి కొన్నాక అలా తిరగడం నేను చూడలేదు. సరే, బ్యాటరీ పోయిందన్నమాట అనుకున్నాను. కొత్త బ్యాటరీకి వెళ్లబోతుంటే నాతో పనిచేసే ఒకతను, “ఆగండి, బండి వైరింగ్ మాత్రమే చూసే ఒక పెద్దాయన ఉన్నాడు, ముందు ఆయనకు ఫోన్ చేయండి” అన్నాడు.

చేశాను. కథంతా చెప్పాను. కోడ్‌ల సంగతి చెబుతుంటే ఆయన పెద్దగా వినలేదు. జంపర్ దగ్గరికి వచ్చేసరికి ఆపాడు.

“మైనస్ క్లిప్పు ఎక్కడ పెట్టారు?”

“ఇంజన్ మీద కొక్కెం లాంటిది ఉంటే దానికండీ.”

“మీ బ్యాటరీ మైనస్‌కి కాదుగా?”

“కాదండీ, పుస్తకంలో ఇంజన్‌కే పెట్టమన్నాడు.”

“సెల్ఫ్ బాగా తిరిగిందా?”

“కొత్త బండిలా తిరిగింది.”

కాసేపు చప్పుడు లేదు. తర్వాత, “హెడ్‌లైట్లు వేస్తే హీటు ముల్లు లేస్తోందా బాబూ?” అన్నాడు.

ఫోన్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ముల్లు సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

ఆయనకు 27 దాకా ఖాళీ లేదు. ఆ మూడు రోజులు బండి కదపలేదు. 27న తీసుకెళ్తే స్కానర్ ముట్టుకోనేలేదు. చేతిలో మామూలు మల్టీమీటర్, అంతే. ముందు కీ ఒక మెట్టు తిప్పి ఊరికే మీటర్ వైపు చూస్తూ కూర్చున్నాడు. “ఇంజన్ బొమ్మ వెలగట్లేదు, చూశారా?” అన్నాడు. కీ తిప్పగానే మీటర్‌లోని ప్రతి హెచ్చరిక లైటూ ఒకసారి వెలగాలి, బల్బు బతికే ఉందని చెప్పడానికి. నేను రెండేళ్లుగా ఆరే లైట్లను చూశాను గానీ, అసలు వెలగని దాన్ని చూడలేదు. “దాని సంగతి తర్వాత” అని బానెట్ ఎత్తాడు.

ఇంజన్ ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ 12.3. మంచి బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 దగ్గర ఉండాలి. “ఆకలితో ఉంది, చావలేదు” అన్నాడు. నన్ను సెల్ఫ్ కొట్టమని, తను బ్యాటరీ రెండు కొసల మీద పెట్టి చూశాడు. 10.8. సెల్ఫ్ తిరిగేటప్పుడు 9.6కు తగ్గకపోతే బ్యాటరీని అనుమానించక్కర్లేదట. ఆ తర్వాత చేసిన పనే ఈ 28 రోజుల్లో నేను నేర్చుకున్న అసలు పాఠం. మల్టీమీటర్ తీగ ఒకటి బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఇంజన్ దిమ్మ మీద పెట్టాడు. రెండూ మైనస్సే కదా, ఏముంటుంది అనుకున్నాను. “కొట్టండి.” కొట్టాను. 3.1 వోల్టులు చూపించింది. “ఇక్కడ 0.2, మహా అయితే 0.3 ఉండాలి” అన్నాడు.

మా బండిలో బ్యాటరీ మైనస్ తీగ బాడీకి పోతుంది. బాడీకీ గేర్‌బాక్సుకీ మధ్య అల్లిన రాగి పట్టీ ఒకటి ఉంటుంది. సెల్ఫ్ మోటారు ఇంజన్‌కే బిగించి ఉంటుంది కాబట్టి అది తాగే దాదాపు రెండు వందల ఆంపియర్ల కరెంటూ తిరిగి బ్యాటరీ చేరాలంటే ఆ పట్టీ మీదుగానే రావాలి. డైనమో కూడా ఇంజన్ మీదే. ఇంజన్ నడుస్తుండగా లైట్లు, బ్లోయర్ తిన్న కరెంటంతా బాడీ నుంచి ఆ పట్టీ మీదుగా డైనమోకి చేరుతుంది. పట్టీ దెబ్బతింటే రెండు దారులూ మూసుకుపోతాయి.

స్టార్ట్ చేసి లైట్లన్నీ వేసి చూపించాడు. డైనమో మీద 14.3. బ్యాటరీ మీద 13.4. మధ్యలో 0.9 వోల్టు పట్టీలోనే ఆవిరవుతోంది. మొదటి మెకానిక్ చూసింది డైనమో మీద. బ్యాటరీ దగ్గర చూసి ఉంటే అప్పుడే దొరికేది. హీటు ముల్లు లేవడం కూడా అందుకే. వేడిని కొలిచే సెన్సార్‌కు ఎర్త్, అంటే మైనస్ దారి, ఇంజన్ దగ్గర, మీటర్‌కు ఎర్త్ బాడీ దగ్గర. రెండు ఎర్త్‌ల మధ్య వోల్టేజి తేడా వస్తే, మీటర్ దాన్ని వేడి అనుకుంటుంది.

నేను తెచ్చుకున్న జంపర్ కేబులే తీసి బ్యాటరీ మైనస్ నుంచి ఇంజన్‌కి తగిలించాడు. సెల్ఫ్ జోరుగా తిరిగింది. హెడ్‌లైట్లు వేశాను. ముల్లు కదల్లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయంటే నవ్వుతారేమో గానీ, తిరిగాయి.

బండి కింద పడుకుని పట్టీ చూపించాడు. పైకి ప్లాస్టిక్ తొడుగు బాగానే ఉంది. విప్పితే లోపల రాగి పచ్చటి పొడి అయిపోయింది. పది పన్నెండు పోగులు మాత్రం మిగిలి ఉన్నాయి. గతుకుల్లో అవి కదిలినప్పుడల్లా కంప్యూటర్లకు వోల్టేజి తగ్గేది, ఒక్కొక్కటి తనకు తోచిన లైటు వెలిగించేది. పక్కనే గేర్ కేబుల్ చివర ప్లాస్టిక్ కొంచెం కరిగి ఉంది. పట్టీ లేకపోతే కరెంటు దొరికిన ఇనుప తీగనల్లా దారి చేసుకుంటుందట. “ఇంకొన్నాళ్లు పోతే దీన్నుంచి పొగ వచ్చేది” అన్నాడు.

జేబులోంచి మొదటి షెడ్డు కాగితం తీసి ఇచ్చాను. ఏబీఎస్ కింద రెండు లైన్లు ఉన్నాయి. మొదటిది చక్రం సెన్సార్. రెండోది సరఫరా వోల్టేజి తక్కువ. పన్నెండు రోజులుగా నా జేబులో ఉన్న కాగితం. నేనూ మొదటి లైను దగ్గరే ఆగిపోయాను.

కొత్త పట్టీ బిగించడానికి నలభై నిమిషాలు. అందులో అరగంట బాడీ మీద తుప్పూ రంగూ గీకి తెల్ల ఇనుము తేల్చడానికే పోయింది. బిగించాక పైన పెట్రోలియం జెల్లీ పూశాడు. మళ్లీ కొలిస్తే సెల్ఫ్ తిరిగేటప్పుడు 0.15. బ్యాటరీని రాత్రంతా చార్జర్ మీద పెట్టించాడు. నేను మార్పించిన సెన్సార్ ధర ఆ పట్టీ ధరకు పదిరెట్ల పైనే. కోడ్‌లు చెరిపాక, ఏబీఎస్ లైటూ ఎర్ర లైటూ మళ్లీ రాలేదు.

స్ప్రింగు గుర్తు మాత్రం మర్నాడు మళ్లీ మిణుకుమంది. పెద్దాయన ఆశ్చర్యపోలేదు. ప్లగ్గుల మీద వైర్లు విప్పి ఒక్కొక్కదానికీ ఇంజన్‌కీ మధ్య నిరోధం కొలిచాడు. మొదట మల్టీమీటర్ తీగలు రెండూ ఒకదానికొకటి తాకించి ఎంత చూపిస్తుందో చూడాలి. 0.3 వచ్చింది, దాన్ని తీసేసి లెక్కపెట్టాలి. మూడు ప్లగ్గులు ఒక ఓమ్‌కు కొంచెం లోపు. మూడో సిలిండర్‌ది ఏమీ చూపించలేదు, లోపల తెగిపోయింది. అంటే పి0380 అబద్ధం చెప్పలేదు. సర్క్యూట్‌లో లోపం అంది, అంతే. రిలే అని మేమే చదువుకున్నాం.

ఈ ప్లగ్గులు తీయడం నాకు అన్నిటికన్నా భయం పుట్టించిన ఘట్టం. పదిహేనేళ్లుగా కదలనివి. లోపల విరిగితే ఇంజన్ పైభాగం, అంటే హెడ్, దించాల్సి రావచ్చు. రెండు రోజులు తుప్పు వదిలే నూనె కొడుతూ ఉంచి, 30న ఇంజన్ వేడిగా ఉండగా తీశాడు. పావు చుట్టు విప్పడం, మళ్లీ కొంచెం బిగించడం, మళ్లీ విప్పడం. మూడు మర్యాదగా వచ్చాయి. నాలుగోదానికి గంటన్నర పట్టింది. నేను అక్కడ నిలబడలేక రోడ్డు మీద తిరిగాను. నాలుగూ కొత్తవి వేయించాను.

ఇక ఇంజన్ బొమ్మ. 31న మీటర్ విప్పితే ఆ బొమ్మ వెనక నల్ల టేపు ముక్క, కత్తెరతో నీటుగా కత్తిరించి అంటించి ఉంది. నాకు అమ్మే ముందు ఎవరో చేసిన పని. ‘ఎంఐఎల్ ఆన్’ అని యాప్ చెప్పింది అక్షరాలా నిజం. ఆ పని చేసినవాళ్ల మీద కోపం వచ్చింది గానీ, ఏదో వాగుతోందని చవక అడాప్టర్‌ను తిట్టిన నా మీదే ఎక్కువ వచ్చింది. టేపు పీకి బిగించి స్టార్ట్ చేస్తే, పసుపు ఇంజన్ బొమ్మ హాయిగా వెలిగి నిలబడింది. కారణం పి0401. పెద్దాయన వైరింగ్ తప్ప ఇంకేమీ చూడడు కాబట్టి ఈజీఆర్ పని మొదటి షెడ్డులోనే ఫిబ్రవరి 2న చేయించాను. వాల్వు విప్పితే దారి చిటికెన వేలు పట్టేంత కూడా లేదు, తారులాంటి మసి పేరుకుపోయి ఉంది. గీకి, క్లీనర్‌తో కడిగి, కొత్త గాస్కెట్ వేసేసరికి పూట గడిచింది.

కోడ్ చెరపబోతుంటే నేనే వద్దన్నాను. లోపం నిజంగా పోతే వరుసగా మూడు సార్లు పరీక్షలో నెగ్గాక లైటు దానంతట అదే ఆరిపోతుందని పెద్దాయన చెప్పాడు. చెరిపేస్తే బాగుపడిందో ఊరికే మాట్లాడకుండా ఉందో తెలియదు. 3న వెలిగే ఉంది. 4న వెలిగే ఉంది, కొంచెం దిగులేసింది.

5 ఉదయం కీ ఒక మెట్టు తిప్పాను. స్ప్రింగు, ఏబీఎస్, బ్రేకు, బ్యాటరీ, ఆయిల్, ఇంజన్ బొమ్మ, ఒక్కొక్కటీ వేలు పెట్టి లెక్కపెట్టుకున్నాను. సెల్ఫ్ కొట్టాను. అన్నీ ఆరాయి. ఫోటో తీసి బావకు పంపాను. “ఏముంది ఇందులో? నల్లగా ఉంది” అని జవాబిచ్చాడు.